మజా లేదంటడు, మరి కాళ్లెందుకు పోతయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం కంటే ఎక్కువ ఒక్క ముచ్చట మీదనే ఉన్నయి. తాగుడు, ఖర్రా (సుపారి, తంబాకు, సున్నం కలిపి నమిలేది), మానేసుడు, మానేసినంక మళ్ల పట్టుకునుడు. పోయిన నెల ఎలుకల ప్రయోగాల గురించి నాలుగు లైన్లు రాసిన కదా, మెదడుల ఉండే డోపమైన్ అనే రసాయనం అంటే ఆనందం కాదు అని, అది చదివి రాసినోళ్లే చానమంది. వేరే ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఈసారి జాగంత దీనికే ఇస్తున్న. నేను నాగ్‌పూర్‌ల ఫార్మకాలజీ (మందులు ఒంట్ల ఎట్ల పనిచేస్తయో చెప్పే చదువు) చదివినప్పుడు రెండేండ్లు ఎలుకలతోనే బతికిన, తర్వాత బల్లార్షాకు వచ్చి పిల్లలకు అదే పాఠం చెప్పుకుంట రిటైరైన, అందుకని ఈ ముచ్చట వస్తే నాకు ఆగబుద్ధి కాదు. పేర్లు ఎవ్వరివి వేస్తలేను, ఊరు పేరు ఒక్కటే.

సిరోంచ నుంచి ఒక చెల్లె:
"అక్కా, మా ఇంటాయన పన్నెండేండ్ల సంది తాగుతుండు. మా గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి దారూబంది (మందు నిషేధం) ఉన్నది, అయినా ఇప్పసారా దొరుకుతది, అది లేకుంటే గోదావరి వంతెన దాటి కాళేశ్వరం దిక్కు పోతడు. మొన్న తాగకుండ ఉన్నప్పుడు కూసోబెట్టి అడిగితే 'ఇప్పుడు తాగితే ఏం మజా అనిపిస్తలేదు, కని పొద్దుగూకంగనే కాళ్లు అవే పోతయి' అన్నడు. మా అత్తమ్మ అదంత నాటకం అంటది. మజా లేకుంటే ఎవలన్న పోతరా? ఆయన మాట నమ్మాల్నా?"

నమ్ము చెల్లె. ఆయన తన తలకాయల జరిగేది ఉన్నది ఉన్నట్టు చెప్పిండు, చానమంది డాక్టర్ల ముందట కూడ ఇంత సాఫుగ చెప్పలేరు.

మనం ఏమనుకుంటం, ఏదన్న మంచిగనిపిస్తే దాని కోసం పోతం, అనిపించకుంటే పోము అని. మంచిగనిపించుడు, కావాలనిపించుడు రెండు ఒక్కటే అనుకుంటం. మెదడుల అవి రెండు వేరే వేరే దారులు. అమెరికాల మిషిగన్ యూనివర్సిటీల కెంట్ బెర్రిడ్జ్ అనే ఆయన 1980ల చివర్ల ఎలుకలల్ల ఇది చూపిచ్చిండు. చంటిపిల్ల నాలుక మీద బెల్లం నీళ్లు ఒక్క చుక్క పెడితే ఏం చేస్తది? నాలుక బయటికి తీసి పెదాలు నాకుకుంటది. చేదు పెడితే నోరు పెద్దగ తెరిచి తల విదిలిస్తది. ఎలుక కూడ అట్లనే చేస్తది, తీపికి పెదాలు, ముంగాళ్లు నాకుకుంటది, చేదుకు నోరు తెరిచి తల కొట్టుకుంటది. అంటే దానికి మాట రాకున్నా రుచి మంచిగున్నదా లేదా అని మొహం చూసి లెక్కపెట్టొచ్చు. ఆయన ఏం చేసిండంటే డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే నాడీకణాలను ఒక విషంతోని దాదాపు మొత్తం చంపేసిన ఎలుకలను తీసుకున్నడు. అసొంటి ఎలుకలు ముంగట తిండి పెట్టినా కదలవు, గొట్టంతోని కడుపులకు పోయకుంటే ఆకలితోని చచ్చిపోతయి. అందరు ఏమనుకున్నరంటే వాటికి ఆనందం పోయింది, అందుకే తింటలేవని. కాని వాటి నాలుక మీద చక్కెర నీళ్లు పోస్తే? ఎప్పటిలెక్కనే పెదాలు నాకినయి! రుచి పోలేదు, దాని దిక్కు పోవాలె అనే గుంజుడు పోయింది. డోపమైన్ అంటే ఆ గుంజుడు.

సారా గాని, సిగరెట్ గాని, గంజాయి కంటే పెద్ద పెద్ద డ్రగ్స్ గాని మెదడు నడిమిట్ల ఈ గుంజుడునే పట్టుకుంటయి. 1988ల ఇటలీల కాలియరి ఊరి యూనివర్సిటీల డి కియారా, ఇంపెరాటో అనే ఇద్దరు ఎలుక మెదడులకు వెంట్రుకంత సన్నని గొట్టం దించి, ఎలుక తిరుగుతుండంగనే అక్కడి ద్రవం తీసి కొలిచిండ్రు. మార్ఫిన్, కొకైన్, యాంఫెటమైన్, నికోటిన్, ఆల్కహాల్, ఒకదానికొకటి పోలికే లేదు వీటికి, ఒకటి నిద్ర తెప్పిస్తది ఒకటి నిద్ర చెడగొడ్తది, కాని అన్ని కూడ న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే ఒక చిన్న జాగల డోపమైన్‌ను పెంచినయి. ఏండ్లకేండ్లు అట్ల పెంచుకుంట పోతే రుచి దారి మొద్దుబారొచ్చు, గుంజే దారి మాత్రం ఇంకా పదునెక్కుతది. బెర్రిడ్జ్, టెర్రీ రాబిన్సన్ కలిసి 1993ల చెప్పిన సిద్ధాంతం ఇదే. మీ ఆయన ఒక్క ముక్కల చెప్పిండు.

ఇగ పొద్దుగూకుడు సంగతి. స్విట్జర్లాండ్‌ల వోల్ఫ్రమ్ షుల్జ్ అనే ఆయన కోతుల మెదడుల ఒక్కొక్క డోపమైన్ కణం చప్పుడు విన్నడు. కోతి నోట్లె పండ్లరసం చుక్క పడంగనే కణం గట్టిగ మోగింది. తర్వాత రసం కంటే ముందు ఒక దీపం వెలిగించుడు మొదలువెట్టిండ్రు. కొన్ని రోజులకు కోతికి అర్థమైనంక రసం పడ్డప్పుడు కణం మోగుడు ఆగిపోయింది, దీపం వెలిగినప్పుడు మోగుడు మొదలైంది. దీపం వెలిగించి రసం ఇయ్యకుంటే, సరిగ్గ రసం రావాల్సిన ఆ క్షణంల కణం చప్పబడిపోయింది. 1997ల ఇదంత లెక్కతోని సహా అచ్చేసిండ్రు. మీ ఇంటాయనకు పొద్దుగూకుడే ఆ దీపం చెల్లె. సారా గొంతు దిగకముందే, వంతెన కనవడకముందే ఆయన మెదడుల గంట మోగుతది. ఆ టైముకు ఇంట్ల గొడవ వెట్టుకుంటే ఆ గంటకు ఇంకింత జోరు వస్తది. పొద్దుగూకే ఆ గంటన్నర సేపు ఆయన ఇంకో జాగల, ఇంకో పనిల, ఇంకో మనిషితోని ఉండేటట్టు చూడు, చేను కాడనో, పిల్లల స్కూల్ దగ్గరనో, ఎక్కడైనా సరే.

అత్తమ్మకు ఇది చదివి వినిపించు. కాని ఒక సంగతి గట్టిగ చెప్తున్న, ఇన్నేండ్లు రోజు తాగినోళ్లను ఒక్కసారే బంద్ చేయించొద్దు. చేతులు వణికి, చెమటలు పట్టి, రెండో మూడో రోజు ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చినోళ్లున్నరు. డాక్టర్‌కు చూపిచ్చి, ఆయన చెప్పినట్టు గోలీలతోని మెల్లగ దింపాలె. ఎటు పోవాల్నో తెల్వకుంటే 14446కు ఫోన్ చెయ్, అది నషా మాన్పించే సర్కారు నంబర్, పైసలు పడవు.

బల్లార్షా నుంచి ఒక బీఎస్సీ తమ్ముడు:
"మేడం, ఎలుక మీట నొక్కుతది, అందుకని దానికి ఆనందంగ ఉన్నదని మా నోట్స్‌ల ఉన్నది. ఎలుకకు ఏమనిపిస్తుందో మనకెట్ల తెలుస్తది? రివార్డ్, రీఇన్‌ఫోర్స్‌మెంట్ రెండు ఒక్కటే కాదా?"

మంచి ప్రశ్న తమ్మీ, దీని మీద పెద్ద పెద్దోళ్లే ముప్పై ఏండ్లు కొట్లాడిండ్రు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే మన బీఈడీ పుస్తకాలల్ల పునర్బలనం అని రాస్తరు, ఒక పని చేసినంక వచ్చిన ఫలితం ఆ పనిని మళ్ల చేయిస్తే దానికి ఆ పేరు. అది కంటికి కనవడేది, లెక్కపెట్టేది. రివార్డ్ అన్నప్పుడు లోపల మంచిగనిపించింది అని మనం ఊహిస్తున్నం. పరీక్షల రెండిటిని కలిపి రాయకు.

మొదలు ఎట్లయిందంటే, 1950లల్ల కెనడాల మెక్‌గిల్ యూనివర్సిటీల జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడుల కరెంటు తీగె పెట్టిండ్రు, అనుకున్న జాగల పడలే, పక్కకు పోయింది. ఆ ఎలుక బల్ల మీద ఏ మూలకున్నప్పుడు కరెంటు ఇచ్చిండ్రో ఆ మూలకే మళ్లమళ్ల వచ్చుడు మొదలువెట్టింది. తర్వాత మీట నొక్కితే తనకు తానే కరెంటు ఇచ్చుకునేటట్టు చేసిండ్రు, కొన్ని జాగలల్ల తీగె ఉన్న ఎలుకలు గంటకు వేల సార్లు నొక్కినయి. 1954ల అచ్చయిన ఆ పేపర్‌తోనే ఈ కథంత మొదలు. 1962ల జేమ్స్ వీక్స్ అనే ఆయన ఎలుక నరంల సన్నని గొట్టం కుట్టి, మీట నొక్కితే మార్ఫిన్ చుక్క లోపలికి పోయేటట్టు చేసిండు, అప్పటి నుంచి డ్రగ్‌ను ఎలుక తనంతట తానే తీసుకునుడు అనేది ప్రయోగశాలల కొలిచే సంగతి అయింది.

అందుల నాకు అన్నిటికంటె నచ్చేది 1975ల యోకెల్, రాయ్ వైజ్ చేసిన ప్రయోగం. యాంఫెటమైన్ కోసం మీట నొక్కే ఎలుకలకు పిమోజైడ్ ఇచ్చిండ్రు, అది డోపమైన్‌ను పట్టుకునే రిసెప్టర్లను మూసేస్తది. నొక్కుడు తగ్గుతది అనుకుంటం కదా? కొంచెం డోస్ ఇస్తే నొక్కుడు పెరిగింది! కల్లుల నీళ్లు ఎక్కువ కలిపి పోస్తే మనిషి ఏం చేస్తడు, ఇంకో రెండు సీసాలు ఎక్కువ తాగుతడు, అట్ల. పిమోజైడ్ డోస్ బాగ పెంచితే మొదలు తెగ నొక్కి నొక్కి, ఏం లేదని తెలిసినంక వదిలేసినయి. నొక్కే శక్తి లేక ఆపలే, ముందటి గంట అంత జోరుగ నొక్కినయే కదా, నొక్కిన దానికి ఫలం రాక ఆపినయి.

ఒక్కొక్క డ్రగ్ పని చేసే తీరు వేరే. నాడీకణం వదిలిన డోపమైన్‌ను మళ్ల లోపలికి గుంజుకునే ఒక పంపు ఉంటది, కొకైన్ ఆ పంపుకు అడ్డం పడ్తది, యాంఫెటమైన్ ఆ పంపును ఉల్టా తిప్పుతది. మార్ఫిన్, హెరాయిన్ డోపమైన్ కణాలను ముట్టనే ముట్టవు, వాటి మీద బ్రేకు తొక్కి పట్టిన పక్క కణాలను నిద్రపుచ్చుతయి, బ్రేకు లేచినంక బండి దానంతటదే ఉరుకుతది. ఆల్కహాల్‌ది ఒక్క దారి కాదు, గాబా, గ్లుటమేట్ అనే మెదడు రసాయనాలు, మెదడు తానే తయారుచేసుకునే మార్ఫిన్ అసొంటి ఓపియాయిడ్‌లు, అన్నిట్ల చెయ్యి పెడ్తది. మనిషి మెదడుల 8,600 కోట్ల నాడీకణాలుంటే అందుల నడిమెదడుల ఉండే డోపమైన్ కణాలు కొన్ని లక్షలే, అయినా ఇంత పని.

కాని అంత డోపమైనే అని రాయకు. అసలు డోపమైన్ తయారు చేసుకోలేని చిట్టెలుకలను పుట్టించి చూస్తే వాటికి కూడ మార్ఫిన్ ఇచ్చిన గది నచ్చిందని 2005ల తేలింది (ఈ గది పరీక్ష ఎట్లుంటదో కింద చివరి ఉత్తరంల చెప్పిన). ఓపియాయిడ్‌లకు వేరే దారి కూడ ఉన్నదన్నట్టు.

రాజురా నుంచి ఒక తల్లి:
"అమ్మా, మెడికల్ షాపుల ఒకాయన గోలీలు ఇచ్చిండు. కొడుక్కు తెల్వకుండ పప్పుల కలిపి పెట్టమన్నడు, వారంల తాగుడు బంద్ అయితదట. పెట్టొచ్చా?"

వద్దు తల్లీ. వద్దే వద్దు. అట్ల చాటుగ కలిపిపెట్టేటియి చానవరకు డైసల్ఫిరామ్ గోలీలు. కడుపుల పడ్డ ఆల్కహాల్ విరిగి మొదలు ఒక విషపు పదార్థమైతది, తర్వాత లివర్ దాన్ని సాఫ్ చేస్తది. ఈ గోలి ఆ సాఫ్ చేసే పనిని ఆపేస్తది. దాని మీద సారా తాగితే మొహం ఎర్రగయి, వాంతులయి, గుండె దడదడ కొట్టుకుని బీపీ పడిపోతది, ప్రాణం పోవచ్చు. తను గోలి వేసుకుంటున్నట్టు తెలిసినోడు భయపడి తాగుడు ఆపుతడు, ఆ గోలి పనిచేసే తీరే ఆ భయం. తెల్వనోడు రోజులెక్కనే తాగుతడు. నీ కొడుకును నీ చేతులతోని ఆ స్థితికి తేకు.

ఇంకో రకం గోలి ఉన్నది, నాల్ట్రెక్సోన్. ఇది పుట్టిందే ఈ జంతువుల ప్రయోగాలకెల్లి. ఓపియాయిడ్ రిసెప్టర్లను మూసేస్తే ఎలుకలు, కోతులు తాగే ఆల్కహాల్ తగ్గిందని ముందు చూసిండ్రు, తర్వాత మనుషులల్ల పరీక్షించిండ్రు, 1994ల అమెరికాల తాగుడు వైద్యానికి మంజూరైంది. తాగినా ఆ తీపి అంత తగలదు, మొదటి గ్లాసు ఇంకో నాలుగు గ్లాసులను గుంజుకరాదు. ఇది కూడ డాక్టర్ రాస్తేనే, లివర్ పరీక్ష చేసినంకనే. కొడుకు నొప్పులకు ట్రమడాల్ అసొంటియి మింగుతుంటే అది తప్పక చెప్పాలె, రెండు కలిస్తే ఒళ్లంత విరుచుకుపడ్తది. కొడుకును వెంట తోలుకొనిపో, ఆయన ముందట మాట్లాడు.

అహేరి చంద్రపూర్ రూట్ మీద బండి నడిపే తమ్ముడు:
"అక్కా, నేను సారా ముట్ట, సిగరెట్ ముట్ట. ఖర్రా ఒక్కటే, రోజుకు ఆరేడు పుడియలు. ఇది నషా కిందికి వస్తదా?"

వస్తది తమ్మీ, మంచి గట్టిగనే వస్తది. పాన్ ఠేలా కాడ నిలబడి ఎప్పుడన్న చూసినవా ఖర్రా ఎట్ల చేస్తడో? పన్నీ పరిచి అందుల సుపారి చెక్కులు, తంబాకు, పైన సున్నం వేసి, మూట లెక్క చుట్టి బల్ల మీద అరచేత్తోని రుద్ది రుద్ది, లోపలంత తడయి గోధుమ రంగుకు తిరిగేదాక వదలడు. ఆ సున్నం రుచి కోసం కాదు. సున్నం తగిలితే నికోటిన్ బుగ్గ లోపలి పొరకెల్లి జల్ది రక్తంలకు ఇంకుతది. అక్కడికెల్లి మెదడుకు పోయి డోపమైన్ కణాల మీదున్న నికోటిన్ రిసెప్టర్‌ను తడ్తది. ఆ రిసెప్టర్‌ల బీటా2 అనే ఒక్క ముక్క లేకుండ పుట్టించిన ఎలుకలు నికోటిన్‌ను పట్టించుకోలేదని 1998ల తేల్చిండ్రు, తర్వాత 2005ల ఆ ఒక్క ముక్కను నడిమెదడుల తిరిగి పెడితే మళ్ల నికోటిన్ కోసం పడ్డయి. తాళం ఎక్కడున్నదో అంత కచ్చితంగ తెలిసిపోయింది. సుపారిల ఉండే అరెకోలిన్ దానికి తోడు, ఒట్టి సుపారి కూడ క్యాన్సర్ తెచ్చేదే.

మానితే మొదటి మూడు రోజులు అన్నిటికంటె కష్టం, చికాకు, తలనొప్పి, స్టీరింగ్ ముందట కూసుంటే మనసున పట్టకపోవుడు, రెండు నుంచి నాలుగు వారాలల్ల మెల్లగ దిగుతది. నికోటిన్ గమ్ మెడికల్‌ల దొరుకుతది, చూయింగ్ గమ్ లెక్క ఊకె నమలొద్దు, నాలుగుసార్లు నమిలి బుగ్గకు పెట్టుకోవాలె, అప్పుడే పనిచేస్తది. 1800-11-2356కు ఫోన్ చేస్తే మాట్లాడి దారి చెప్తరు. ఇంకోటి, అద్దం ముందట నిలబడి నోరు తెరువు, నీ మూడు వేళ్లు నిలువుగ పట్టకుంటే, లోపల తెల్లమచ్చ ఉంటే, ఈ వారమే పళ్ల డాక్టర్‌కు చూపించు.

నాందేడ్ నుంచి ఇంకో తల్లి, పిల్లడు ఫోన్ వదులుతలేడు, ఒక్కరోజు "డోపమైన్ ఉపవాసం" పెట్టిస్తే తలకాయ శుద్ధయితదా అని అడిగింది. అమ్మా, డోపమైన్ ఖాళీ చేసేది కాదు, నింపేది కాదు, అది లేకుంటే మనం లేచి నిలబడలేము, నడవలేము. ఫోన్ తగ్గించుడు మంచిదే, దానికి ఆ పేరు అక్కర్లేదు.

కిన్వట్ నుంచి ఒక మాస్టారు:
"మేడం గారు, ఒంటరి పంజరంల ఎలుకకే డ్రగ్స్ కావాలె, నలుగురితోని ఉన్న ఎలుకకు అక్కర్లేదు అని వాట్సాప్‌ల ఒక వీడియో తిరుగుతుంది. నిజమేనా? అయినా ఎలుకలను ఇంత బాధపెట్టి తెలుసుకునే విద్య మనకెందుకండి?"

వీడియోల ఉన్నది ర్యాట్ పార్క్ సంగతి సార్. 1970ల చివర్ల కెనడాల బ్రూస్ అలెగ్జాండర్ విశాలమైన జాగల ఎలుకల గుంపును పెట్టి, పక్కన ఒంటరి పంజరాలు పెట్టి, రెండు దిక్కుల మార్ఫిన్ కలిపిన తీపి నీళ్లు పెట్టిండు. గుంపుల ఉన్నయి తక్కువ తాగినయి. మంచి ఆలోచన, కాని తర్వాత వేరేవాళ్లు చేస్తే ఒకసారి అట్ల వచ్చింది, ఒకసారి రాలే. అందుకని దాని మీద అంత బరువు వేయొద్దు. నేనైతే 2018ల వెన్నిరో, యవిన్ షహాం వాళ్లు చేసినదాన్ని ముందట పెడ్త. రెండు మీటలు, ఒకటి నొక్కితే డ్రగ్, ఇంకోటి నొక్కితే చిన్న తలుపు తెరుచుకుని ఇంకో ఎలుక కనవడ్తది. హెరాయిన్‌కు, మెథాంఫెటమైన్‌కు అలవాటు పడ్డ ఎలుకలు కూడ దాదాపు ప్రతిసారి తోటి ఎలుక మీటనే నొక్కినయి! కాని తలుపు తెరుచుకునుడు లేటు చేస్తే, తోటి ఎలుకను ఎంచుకున్నప్పుడల్ల కాలికి షాక్ ఇస్తే, మళ్ల డ్రగ్ దిక్కు మళ్లినయి. దీని మీద మాత్రం ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి సార్. తాగి ఇంటికొచ్చినోనికి తిట్లు తప్పవు, తాగకుండ వచ్చిననాడు కూడ అవే తిట్లుంటే ఇంటి మీట వాడు ఎన్ని రోజులు నొక్కుతడు?

ఇంకో లెక్క చెప్తా. 2004ల ఫ్రాన్స్‌ల బోర్డో ఊర్ల ఎలుకలకు దాదాపు మూడు నెలలు కొకైన్ ఇచ్చి చూసిండ్రు. అన్ని నొక్కినయి, కాని దొరకనప్పుడు కూడ ఆపకుండ నొక్కుడు, ఎంత కష్టమైనా వదలకపోవుడు, షాక్ కొట్టినా నొక్కుడు, ఈ మూడు గుణాలు ఉన్నయి 17 శాతమే. అందరు పట్టినా అందరు పడిపోరు. పడిపోయినోడు చెడ్డోడు కాబట్టి పడిపోయిండని ఆ ఎలుకలను చూసి ఎవరంటరు?

బాధపెట్టుడు గురించి నేను తప్పించుకోను. ఎలుకను చేతుల పట్టుకుంటే దాని గుండె కొట్టుకునుడు వేళ్లకు తెలుస్తది, నా వేళ్లకు ఇప్పటికి యాదుంది. ఇయ్యాల మన దేశంల ఇసొంటి ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ మంజూరు తప్పనిసరి, ఎన్ని ఎలుకలు, ఎందుకు, నొప్పి ఎట్ల తగ్గిస్తరు అన్ని రాసియ్యాలె. నేను చదివిననాడు ఇంత కట్టుదిట్టం లేకుండె. ఆ జీవాల రుణం ఉన్నది కాబట్టే వాటితోని తెలిసింది తెలిసినట్టు మనుషులకు చెప్పాలె అనుకుంట.

అహేరి నుంచి ఒక తమ్ముడు:
"అక్కా, నాకు ఇరవై తొమ్మిది. నషాముక్తి కేంద్రంల నెల ఉండి వచ్చిన. మొదటి పది రోజులు చాన మంచిగుండె, గెలిచిన అనిపించింది. ఇంటికొచ్చినంక ఊరి బయట మేము కూసునే ఇప్పచెట్టు కనవడితే నోట్లె నీళ్లూరినయి, చేతులు వణికినయి. రోజులు గడుస్తుంటే తగ్గాలె గాని ఎక్కువైతుందేంది? నాల తప్పున్నదా?"

తప్పు లేదు బిడ్డా. ఇది నేను కండ్లార చూసిన సంగతి.

నాగ్‌పూర్‌ల నా పని ఏందంటే, ఒక చెక్కపెట్టె, లోపల రెండు గదులు. ఒకటి తెల్ల గోడలు, కింద జాలి గరుకుగ. ఇంకోటి నల్ల చారల గోడలు, కింద నున్నగ. పొద్దున ఎలుకకు మార్ఫిన్ సూది వేసి ఒక గదిల అర్ధగంట, సాయంత్రం ఉప్పునీళ్ల సూది వేసి రెండో గదిల అర్ధగంట. నాలుగైదు రోజులు ఇట్ల. తర్వాత రోజు సూది లేదు, ఏం లేదు, నడిమి తలుపు తీసి ఎలుకను వదిలి నేను స్టాప్‌వాచ్ పట్టుకుని చూసేదాన్ని. అది రెండు దిక్కుల మూతి పెట్టి వాసన చూసి, మీసాలు ఆడించి, మార్ఫిన్ ఇచ్చిన గదిలకు పోయి మూలకు కూసునేది. ఆ గదిల ఏం లేదు బిడ్డా, ఒట్టి చెక్క గోడలు. కాని దాని మెదడుకు ఆ గోడలే మార్ఫిన్ అయినయి. నీకు ఆ ఇప్పచెట్టు అట్ల.

రోజులు గడుస్తుంటే ఎందుకు ఎక్కువైతుందంటే, 2001ల గ్రిమ్, షహాం వాళ్లు కొకైన్ మానిన ఎలుకలను పరీక్షించిండ్రు. కొకైన్ ఇయ్యకుండ, అప్పటి దీపం, చప్పుడు మాత్రమే పెట్టి ఎన్నిసార్లు మీట నొక్కుతయో చూసిండ్రు. మానిన మర్నాడు తక్కువ, వారానికి ఎక్కువ, నెలకు ఇంకా ఎక్కువ, 60వ రోజుకు కూడ తగ్గలే, పెరిగే ఉన్నది. తర్వాత హెరాయిన్, నికోటిన్, ఆల్కహాల్‌కు కూడ ఇట్లనే కనవడ్డది. ఒంటి బాధ దిగుతది, గుర్తు పట్టి గుంజుడు మాత్రం కొన్నాళ్లు లోపల పండుతది. ఎప్పటికీ అట్లనే ఉండదు, ఇంకా నెలలు పోతే ఎలుకలల్ల దిగింది. నీకు మొదటి పది రోజులు సుకంగ ఉండెనంటే దానికో కారణం, కేంద్రంల ఆ చెట్టు లేకుండె.

ఇంకోటి జాగ్రత్త. కెనడాల షెపర్డ్ సీగల్ 1982ల హెరాయిన్‌కు అలవాటైన ఎలుకలకు ఒక రోజు పెద్ద డోస్ ఇచ్చిండు. రోజు తీసుకునే గదిలనే ఇచ్చిన ఎలుకలల్ల 32 శాతం చచ్చిపోయినయి, అదే డోస్ కొత్త గదిల ఇస్తే 64 శాతం. అలవాటైన జాగల ఒళ్లు ముందే తయారైతది, కొత్త జాగల కాదు. అలవాటు వదిలిన ఒళ్లుకు కూడ పాత ఓర్పు ఉండదు. నీ దోస్తులల్ల ఎవరన్న గోలీలు, సూదులు వాడి మానినోళ్లుంటే ఈ ముక్క చెప్పు, మానినంక మళ్ల జారితే పాత లెక్కన తీసుకునుడే ప్రాణం తీస్తది.

నువ్వు రాసిన తారీఖు లెక్కేస్తే నీ 60వ రోజు దసరాకు రెండు రోజుల ముంగట పడ్తుంది. మన దిక్కు దసరా అంటే ఎట్లుంటదో నీకు చెప్పక్కర్లేదు, ఇంటింటికి పిలుపులు, "ఒక్కటే, పండుగ పూట" అనే మాట. ఇప్పటి నుంచే ఏర్పాటు చేసుకో. ఆ మూడు రోజులు అక్క ఇంటికో, మేనమామ ఇంటికో పో, నువ్వు తాగుతవని అసలు తెల్వని ఊరికి. పోలేకుంటే జమ్మి చెట్టు కాడికి అవ్వతోని, పిల్లలతోని పొద్దుండంగనే పో, జమ్మి ఆకు పెద్దోళ్ల చేతుల పెట్టి దండం పెట్టి అటునుంచి అటే ఇంటికి రా. ఇప్పచెట్టు దారిన రాకు, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా చెరువు కట్ట దారిన రా. కేంద్రం వాళ్లు రాసిచ్చిన గోలీలు ఉంటే ఆపకు, వాళ్లు రమ్మన్న రోజు మర్చిపోకు. పండుగ అయినంక నాకు ఒక ఉత్తరం రాయి, ఎట్ల గడిచిందో, జారినా సరే, జారకున్నా సరే.